కమిటీ ముందు మోలా సాక్ష్యం

మా నొర్జిన్ శాసనసభకి గెలిచిన రోజున పార్క్‌డేల్ పేటలో మోమోలు అమ్మే ప్రతివాడూ తనవల్లే గెలిచిందన్నాడు. నిజానికి ఆమెని గెలిపించినవి ఆమె కాళ్లే. ఆ వేసవంతా టొరంటో ఎండలో పదేసి అంతస్తులెక్కి తలుపులు తట్టింది. లిఫ్టులు పనిచేస్తే కదా! తిట్టుకుంటూ నేనూ వెంట తిరిగాను. అంతకుముందు మేమిద్దరం ఒకే హోటల్లో గదులు శుభ్రం చేసేవాళ్లం. గెలిచాక తన ఆఫీసులో ఫోన్లెత్తే పని నాకిచ్చింది.

నొర్జిన్ పుట్టింది కర్ణాటకలో, బైలకుప్పె టిబెటన్ శరణార్థుల శిబిరంలో. అమ్మానాన్నలు చలికాలమంతా విజయవాడ ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు అమ్మి చదివించారు. ఇక్కడికొచ్చాక దుప్పట్లు మడతపెడుతూనే యూనియన్‌లో చేరింది, మేనేజర్లతో గొడవలు పడింది, చివరికి సభలో కూర్చుంది. వినడానికి బాగానే ఉంటుంది. కూర్చున్నది మాత్రం ప్రతిపక్షంలో, వెనక బెంచీలో. ఆరేళ్లు గొంతు చించుకున్నా ఒక్క చట్టం చేయించలేకపోయింది. మావాళ్లు ఊరుకుంటారా? పెళ్లిళ్లలో ఆమె మెడలో గౌరవంగా ఖతా కండువా వేస్తూనే, "మా హీటరు సంగతేం చేశావు తల్లీ?" అని చురకంటించేవాళ్లు. ఆమె నవ్వేది. ఇంటికెళ్లాక నిద్రపోయేది కాదు.

మా బిల్డింగుల్లో ఎప్పుడూ అదే గోల. కిటికీ లోపలివైపు మంచు పేరుకున్నా ఓనరు వేడి పెంచడు. అడిగినవాళ్లకి ఖాళీ చెయ్యమని నోటీసు, మిగిలినవాళ్లకి అద్దె పెంపు. ఇల్లు వెచ్చగా ఉంచని ఓనరు అద్దె పెంచకూడదని నొర్జిన్ బిల్లు పెట్టింది. ప్రతిపక్షం బిల్లు కమిటీ దాకా పోవడమే గగనం. ఇది అక్కడిదాకా వెళ్లింది. అధికారపక్షంలో ఇద్దరు మెత్తబడ్డారు కూడా. "ఆ ఇళ్లలో ఉండే మనిషి ఒకరొచ్చి చెప్తే చాలు" అన్నారు. ఇదొక్కటి దాటితే తన ఆరేళ్లకీ అర్థముంటుందని నొర్జిన్ ఆశ.

మోలా యూడోన్‌ని అడిగాం. మోలా అంటే అమ్మమ్మ. ఆమె పేటంతటికీ అమ్మమ్మే. కిందటి చలికాలం ఆ ఇంట్లోనే నిమ్ము చేసి ఆసుపత్రి పాలైంది.

"భయపడకుండా చెప్తావా మోలా?" అంది నొర్జిన్.

"భయమా? చైనా సిపాయిల్ని దాటుకుని వచ్చినదాన్నే నేను! ఆ ఓనరుని కడిగిపారేస్తా చూడు."

ఆ రోజు కమిటీ అధ్యక్షుడు లేచి ఎదురొచ్చాడు. తనే కుర్చీ లాగి మోలాని కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. నాకు అక్కడే భయమేసింది. మర్యాద చేసినవాళ్ల ముందు మావాళ్లు మొదటి మాటకే లోటు చెప్పుకోరు. ఆకలేస్తోందా అంటే లేదంటారు. ఇంకోసారి అడిగినా లేదనే అంటారు. మూడోసారి బతిమాలితేగానీ గిన్నె చాపరు.

"మీ ఇంట్లో చలిగా ఉంటుందా అమ్మా?" అనడిగాడాయన. పక్కనున్న కుర్రది మా భాషలోకి మార్చి చెప్పింది.

మోలా చేతులు జోడించింది. "మీ దయవల్ల బాగుంది బాబూ. ఏ లోటూ లేదు."

ఆయన ఆశ్చర్యపోయి మళ్లీ అడిగాడు.

"అయ్యో, నా గురించి ఎందుకు బాబూ శ్రమ? హాయిగా ఉన్నాను."

"సంతోషం" అన్నాడాయన.

నొర్జిన్ ఒక్క ఉదుటున లేచింది. "అధ్యక్షా, ఆమెని ఇంకొక్కసారి అడగండి! దయచేసి ఇంకొక్కసారి!" మీ సమయం అయిపోయిందన్నారు. మెత్తబడిన ఇద్దరూ ఓటుకి చేతులెత్తలేదు. బిల్లు వీగిపోయింది.

ఐదోరోజు కారులో, రాబోయే వసంతంలో జరిగే ఎన్నికల్లో నిలబడనని నొర్జిన్ నాతో అంది. వద్దని చెప్పే మొహం నాకు లేదు. అటునుంచటే మోలా ఇంటికెళ్లాం. లోపల మాట్లాడితే నోట్లోంచి ఆవిరొస్తోంది.

"ఎందుకలా అన్నావు మోలా? ఆసుపత్రిలో పడున్నది నువ్వే కదా!" అని అరిచింది నొర్జిన్.

"అరవకే. అంత పెద్దాయన లేచొచ్చి కుర్చీ వేశాడు. మీ దేశంలో చలికి చస్తున్నానని మొదటి మాటకే ఎట్లా అంటానే? మూడోసారీ అడుగుతాడుగా అని చూశా."

"వాళ్లు అడగరు మోలా!"

"రెండుసార్లకే వదిలేసి లేచిపోవడమేనా? అదేం మర్యాదే?"

నొర్జిన్ నోట్లోంచి నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది. మోలా ఆమె మొహంలోకి చూసింది.

"సరే, నాదే తప్పు. ఈసారి మొదటి మాటకే చెప్పేస్తా. మళ్లీ ఎప్పుడు పిలుస్తారు?"

నేను నొర్జిన్ వైపు చూడలేకపోయాను.

"త్వరలోనే మోలా" అంది నొర్జిన్.

"అయితే ఇప్పుడే విను. తప్పులుంటే చెప్పు." మోలా ఒకదానిమీదొకటి తొడుక్కున్న చలికోట్లలోంచి చేతులు బయటకి తీసి, గోడ పట్టుకుని లేచి నిలబడింది. "అయ్యా, నా పేరు యూడోన్. మా ఇంట్లో నీళ్లగ్లాసు పొద్దుటికి గడ్డకడుతుంది. బూట్లు విప్పకుండా పడుకుంటాను. మా ఆయన ఆ మూలనున్న మంచం మీదే దగ్గి దగ్గి పోయాడు. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు." ఎక్కడా తడబడలేదు. నొర్జిన్ కుర్చీలో నిటారుగా కూర్చుని చివరిదాకా వింది.