మోకాలికి కట్టిన పదిహేడో నంబరు

ఎనభైల ఆఖర్ల నేను తోడేళ్ల మీద పరిశోధన చేస్తున్న. పేరుకే పరిశోధన. జడ్చర్ల చుట్టుపక్కల గుట్టలల్ల తిరిగి తోడేళ్ల పెంట ఏరుకొచ్చుడు, ఎండబెట్టుడు, అండ్ల ఏ జంతువు వెంట్రుకలున్నయో చూసుడు. మా బాపుకు మాత్రం సర్కారు కొలువని చెప్పిన.

పెండ్లిగానోనికి రూము ఎవడిస్తడు? ఒక అవ్వ దయతలచి మిద్దె మీది అర్ర కిరాయికిచ్చింది. ఆ మిద్దె మీదనే ఆమె వడియాలు పెడ్తది. వాటి పక్కపొంటి నా సరుకు పరిచి, ఒక్కోదానికి నంబరు చీటి పెట్టిన.

"గివేంది బిడ్డా?" అనడిగింది అవ్వ. నిజం చెప్తె నా పెట్టె బజార్ల పడ్తది.

"దవా అవ్వా, మోకాళ్ల నొప్పులకు" అన్న. నా నోరు పడిపోను! ఇంకే రోగం దొరకలేదా నాకు?

నెల దాటినంక మా గైడు సారు తనిఖీకొచ్చిండు. అన్నీ చూసి పెదవిరిచిండు. "అన్నిట్ల మేక వెంట్రుకలే. మేకను కుక్క గూడ తింటది. ఇన్నొద్దులు ఊరకుక్కల పెంట ఏరినవా ఏందయ్యా? గట్లయితె నీ పని బందు."

నేను చివరి చీటి దిక్కు ఉరికిన. "పదిహేడో నంబరు చూడుండ్రి సార్. తోడేలు పెడ్తాంటె పొదసాటుకెల్లి నా కండ్లతోని చూసిన."

చీటి ఉంది. సరుకు లేదు.

గప్పుడే అవ్వ మెట్లెక్కి వచ్చింది, మోకాలికి గుడ్డ కట్టుకొని. "బిడ్డా, నీ దవా జర తడిపి కట్టిన. నొప్పి సగం గుంజేసింది! గా చివర్ల పెద్దది తీసుకున్న, ఏమనుకోకు."

చివర్ల పెద్దది పదిహేడే.

సారు కట్టు విప్పి, అవ్వ మోకాలు ముందట గొంతుకూర్చొని, చిమ్టాతోని నాలుగు వెంట్రుకలు తీసి భూతద్దం కింద చానసేపు చూసిండు. లేచి నా చెవిల అన్నడు: "జింక. ఊరకుక్కకు జింక యాడ దొరుకుతది? తోడేలే. బతికిపోయినవ్."

సంతోషానికి నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏం దవా సారూ ఇది?" అనడిగింది అవ్వ.

పరిశోధనల పిసరంత అబద్ధం గూడ ఉండొద్దని నాకు రోజూ పాఠం చెప్పే మనిషి. అవ్వను చూసిండు, నన్ను చూసిండు, వడియాలను చూసిండు.

"అడవిల దొరుకుతదమ్మా. చానా అరుదు."

అవ్వ కాలు జాపింది. "మరి విప్పినోడివి నువ్వే కట్టు."

సారు కట్టిండు. ముడి గూడ గట్టిగనే ఏసిండు.