పాడైన బేరింగ్ ఒకటి కావాలి

మా ఇంట్లో అందరివీ దుకాణాలే. వస్తువు నచ్చితే ముఖం చిట్లించాలన్న సంగతి నాకు మాటలు రాకముందే తెలుసు. బూర్గంపాడులో ఆ పాత కారు చూసినప్పుడూ అదే ముఖం పెట్టాను.

అమ్మేది నా ఈడు మనిషే. భర్త పోయి రెండు నెలలయింది. నేను నడిపి చూస్తుంటే పక్కన కూర్చుంది. స్పీడు పెరిగేకొద్దీ ముందు చక్రాల దగ్గర ఒకటే మోత. గరుకు రోడ్డు మీద పెరుగుతోంది, కొత్త తారు మీదికి రాగానే సగానికి తగ్గుతోంది. అంటే టైర్లు అరిగాయి. బేరింగ్ పోయి ఉంటే రోడ్డు మారినా మోత అలాగే ఉంటుంది. స్టీరింగ్ ఓ పక్కకు తిప్పినప్పుడు మారుతుంది. నేను అటూ ఇటూ తిప్పి చూశాను, మారలేదు. ఇదంతా తెలిసే, "అక్కా, బేరింగ్ పోయింది. చక్రం ఊడినా ఊడుతది" అన్నాను. ధర దించడానికి అంతకంటే మంచి మాట తోచలేదు.

ఆమె బేరమాడలేదు.

"నిజంగ బేరింగేనా చెల్లే?"

"అవ్. ఇనవడ్తలేదా?"

కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. పెద్ద ఊపిరి వదిలింది.

"ఆ పొద్దు గీ సప్పుడుకే భయమై, కారొద్దు, బైకు మీద పో అని మా ఆయనతోని అన్న. సత్తుపల్లి కాడ లారీ గుద్దింది. నువ్వే పంపినవని మా అత్త నాతోని మాట్లాడ్తలేదు."

నేనన్న ధరకే ఇచ్చేసింది. తాళాలు తీసుకుంటూ నిజం చెప్పి ఉండొచ్చు. ఆమె మీద జాలితోనే చెప్పలేదని రాసుకోవాలని ఉంది. బేరం చెడుతుందన్న భయమూ ఉంది.

ఖమ్మంలో మెకానిక్ చక్రాలను జాకీ మీద లేపి తిప్పాడు, పైనా కిందా పట్టుకుని ఊపాడు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి ఓ రౌండు వేసి వచ్చాడు.

"సౌండ్ ఎనకకొచ్చిందక్కా. టైర్లే. బేరింగులు బంగారమసొంటియి."

అప్పుడే ఆమె ఫోను. "మెకానిక్ ఏమన్నడు చెల్లే?"

"బేరింగే అక్కా."

"పాతది పారెయ్యకు. నాకు తెచ్చియ్యి. మా అత్తకు చూపిస్త."

ఫోను పెట్టేసి, బాగా పాడైన బేరింగ్ ఒకటి కావాలని మెకానిక్‌ని అడిగాను.

"ఎంత పాడైంది గావాలె?" అని నవ్వాడు.

"మనిషి భయపడేటంత."

తుక్కు డబ్బాలోంచి వేరే కారుది తీసిచ్చాడు. అతను అడిగినంతా ఇచ్చేశాను. మా నాయిన చూసి ఉంటే నన్ను దవాఖానాకు తీసుకుపోయేవాడు.

కొత్త టైర్లు వేయించుకుని బూర్గంపాడుకు బయలుదేరాను. పాల్వంచ దాటాక అడవి రోడ్డు. కారు చప్పుడే లేకుండా పోతోంది. పక్క సీటులో కాగితంలో చుట్టిన బేరింగ్ మలుపు మలుపుకీ దొర్లుతోంది. బైకు మీద ఎవరు ఎదురొచ్చినా బ్రేకు మీద కాలు పెట్టాను.

అత్త వరండాలో కూర్చుని ఉంది. కోడలు బేరింగ్‌లో రెండు వేళ్లు దూర్చి ఆమె చెవి దగ్గర తిప్పింది. గరగరమంది.

"ఇను అత్తా, గిదే. మార్పిచ్చినంక కారు సప్పుడే జేస్తలేదు, సూడు."

ముసలామె దాన్ని తీసుకుని తనే మళ్లీ తిప్పింది. నావైపు చూసింది. తూకం రాయిని అనుమానించే గిరాకీ చూపు అది. అలాంటి చూపులకు కళ్లు దించకపోవడం మా ఇంటి విద్య.

"వాడు కార్ల పోయుంటే చక్రం ఊడుతుండెనా బిడ్డా?"

"ఊడుతుండె అమ్మా."

బేరింగ్‌ను ఒళ్లో పెట్టుకుని కోడలితో, "అన్నం తిన్నవా?" అంది.

కోడలు వంటింట్లోకి పరిగెత్తి మూడు కంచాలు పెట్టింది. నన్ను ఆమె భర్త ఫోటోకు ఎదురుగా కూర్చోబెట్టారు. వద్దంటే అనుమానపడతారని మారు అన్నం కూడా పెట్టించుకున్నాను.