వ్యాన్ కథకు అక్షింతలు

యూ టీ స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాను. పక్కనున్న తెలుగమ్మాయి ఫోన్‌లో ఒక పాత వ్యాన్ ఖాళీ రోడ్డు మీద పోతోంది.

"ఏం సినిమా అమ్మా?"

"యూరప్‌ది ఆంటీ. ఎవరూ చూళ్ళేదు. నా రీసెర్చ్ దీని మీదే. టాపిక్ మార్చుకోమని ప్రొఫెసర్ గోల. ఇవాళ ఏదో ఒకటి చెప్పెయ్యాలి."

"ముందు నాకు కథ చెప్పు."

పొద్దున నోములో మిగిలిన అక్షింతలు సంచిలో ఉంటే, గుప్పిట్లోకి తీసుకున్నాను. కథను అలాగే వినాలని అమ్మ నేర్పింది.

విడిపోదామనుకున్న ఇద్దరు, తమ వ్యాన్ అమ్మడానికి సముద్రం దాకా నడుపుకుంటూ వెళతారట. ఆ దర్శకుడు తర్వాత ప్రకటనలు తీసి బతికాడట, మళ్ళీ ప్రేమకథ జోలికి పోలేదట.

"వ్యాన్ అమ్మేశారా మరి?"

"కొనేవాడు రాడు ఆంటీ. అంతే, సినిమా ఐపోతుంది."

నా తల మీద కొన్ని, ఆమె తల మీద కొన్ని అక్షింతలు వేశాను.

"ఇదేంటాంటీ?"

"కథ విన్నాక వేసుకోవాలి. వినేవాళ్ళుంటేనే చెప్పినవాళ్ళకు ఫలం."

ఆమె దిగేటప్పుడు, "టాపిక్ మార్చను ఆంటీ" అంది. జుట్టులోని గింజలు దులుపుకోలేదు.

ఆ సినిమా నేనింకా చూడలేదు. నోము కథ పూర్తయినప్పుడల్లా ఒక గింజ ఆ వ్యాన్ పేరున వేసుకుంటాను.