ఆరు రోజులు దిగని ఛార్జింగు

అరవై మంది అతిథులకు భోజనం చేశాక చేతులు కడుక్కోవడానికి చుక్క నీరు లేకుండా చేయబోయిన ఘనత నాది. అందుకు నేను వాడిన ఆయుధం నా కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ వేలితో ఎనిమిది రోజుల పాటు, రోజుకొక్కసారి చొప్పున, ఎంతో క్రమశిక్షణగా ఫోను మీద నొక్కి ఆ పని సాధించబోయాను. చదివి నవ్వండి, ఏమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నేను రిటైరై రెండేళ్ళు. మాది ఉప్పల్ పక్కన చిల్కానగర్. ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఏ రోజు ఏం చూశానో ఆ రోజే డైరీలో రాయడం నాకు ఉద్యోగం కంటే పాత అలవాటు. రిటైరయ్యాక తనిఖీ చేయడానికి ఇంట్లో మిగిలినవి రెండే: మా ఆవిడ రాజేశ్వరి, నా ఫోను. ఆమె ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు, తనిఖీకి లొంగే మనిషి కాదు. అందుకని ఫోను మీద పడ్డాను.

ఆ ఫోనుకు పొద్దున్నే నూటికి నూరు నింపితే మధ్యాహ్నం పన్నెండింటికి ఇరవై మిగిలేది. ఏప్రిల్‌లో మా ఇంటి బోరు కూడా అంత తొందరగా అడుగంటదు. వెంటనే పట్టుకుని నాచారం వెళ్ళాను, శైలజ దగ్గరికి.

శైలజ గురించి కొంచెం చెప్పాలి. పారిశ్రామికవాడకు పోయే దారిలో రెండు మెట్లెక్కితే ఆమె దుకాణం. ఒక మంచం పట్టేంత జాగా. అక్కడే ఒక ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసి, అది మూతపడ్డాక ఫోన్లు బాగుచేసే ఈ దుకాణం పెట్టుకుంది. ఆమె ఫోను విప్పే తీరు చూసి తీరాలి. తీసిన ప్రతి స్క్రూనూ, ఫోనులో అది ఎక్కడ ఉండేదో సరిగ్గా అదే వరసలో, పక్కనున్న తెల్లకాగితం మీద పెడుతుంది. చూస్తూండగానే కాగితం మీద స్క్రూలతో ఫోను బొమ్మ తయారవుతుంది. నా సర్వీసు మొత్తంలో అంత శుభ్రంగా పనిచేసేవాళ్ళను ఇద్దరినే చూశాను. ఆ ఇద్దరికీ శాలువాలు కప్పారు. శైలజకు ఎవరూ కప్పలేదు. అయినా చెయ్యి మాత్రం వాళ్ళిద్దరికంటే నిలకడ.

“బ్యాటరీ కొత్తది వెయ్యాలా అమ్మా?” అని అడిగాను.

మీటరు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. “అక్కెర లేదు సార్. బ్యాటరీ ఇంక గట్టిగనే ఉన్నది. కంపెనీ సాఫ్ట్‌వేరే బరువైంది. మనం అడగని పనులు లోపట మస్తు జేస్తున్నది. అది తీసేసి కస్టమ్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్త.”

“కస్టమ్ అంటే?”

“కంపెనోళ్ళు జేసింది కాదు సార్. బయట తెలివిగల్లోళ్ళు కూసోని, అక్కెర లేనియన్ని పీకేసి తయారు జేసింది. రెడీమేడ్ చొక్కా ఇడిసి దర్జీ తాన కుట్టిచ్చుకున్నట్టు.”

ముందుగా నా ఫోటోలు, నంబర్లు అన్నీ వేరేచోట భద్రం చేసింది. పాతది తీసి కొత్తది ఎక్కించింది. చేతికిచ్చే ముందు తన ఫోనుతో నాకు కాల్ చేసి, మూడడుగుల దూరంలో నిలబడి, “సార్, ఇనవడ్తున్నదా?” అని అడిగింది. నేను కూడా ఫోన్లోనే “వినపడుతోందమ్మా” అని జవాబిచ్చాను.

“ఒక్క మాట సార్. కంపెనీ సాఫ్ట్‌వేర్ల కొన్నింటిని ముట్టనియ్యరు. దీంట్ల గట్ల కాదు. ఏ యాప్‌నైనా ఫ్రీజ్ జెయ్యొచ్చు. అంటే, మనం లేపేదాంక అది పండుకునే ఉంటది. ఇంటి తాళాలన్ని మీ చేతిల వెట్టినట్టే. జర జాగ్రత్త.”

“నేను తనిఖీ అధికారినమ్మా!” అన్నాను నవ్వుతూ.

“అందుకే చెప్తున్న సార్,” అంది శైలజ.

ఆ రోజు రాత్రి పడుకోబోయే ముందు చూస్తే ఇంకా ముప్పై అయిదు శాతం ఉంది. బుద్ధున్నవాడు అక్కడితో ఆగుతాడు. నేను డైరీ తెరిచి స్కేలు పెట్టి గళ్ళు గీశాను.

ఫోనులో ఒక జాబితా ఉంటుంది. ఏ యాప్ ఎంత ఛార్జింగు తిన్నదో, ఎక్కువ తిన్నది పైన, తక్కువ తిన్నది కింద. నా పద్ధతి చాలా సరళం: ప్రతి ఉదయం ఆ జాబితాలో మొదటి పేరు ఫ్రీజ్ చేయాలి, ఒక రోజు పరిశీలించాలి, రాయాలి. ఒకసారికి ఒకే మార్పు. ప్రయోగశాలలో మాకు నూరిపోసిన సూత్రమే ఇది.

మొదటి రోజు, పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు వచ్చే యాప్ పోయింది. రెండో రోజు దారి చూపే మ్యాపు. నాకు దారులు తెలుసు కదా! మూడో రోజు వార్తలు. నాలుగో రోజు వాతావరణం. ఎండ ఎంతుందో తెలుసుకోవడానికి వాకిట్లోకి వస్తే చాలదా? అయిదో రోజు ఫోటోలు, ఆరో రోజు అలారం. ఒక్కొక్కటీ పోతున్న కొద్దీ ఛార్జింగు పెరుగుతోంది. నా డైరీలో అంకెలు పెళ్ళివారిలా కళకళలాడుతున్నాయి.

పార్కులో నడకకు వచ్చే యాదగిరికి చూపించాను. ఆయన రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి, మా గల్లీలోనే ఉంటాడు.

“మూడు దినాల కింద ఛార్జింగ్ వెట్టినవా?” అని నోరు తెరిచాడు. “అన్నా, ఫోన్ వాడుతున్నవా, దేవునర్రల వెట్టి పూజ జేస్తున్నవా?”

“పద్ధతి యాదగిరీ, పద్ధతి. ఈ లెక్కన ఆరు రోజులు నిలుస్తుంది.”

“నా ఫోన్ గూడ నీ చేతిల వెడ్త. జర దానికి సుత నేర్పియ్యి.”

ఆయన ఫోను నాకు అందలేదు. ఆ కుటుంబం చేసుకున్న పుణ్యం.

ఇంతలో మా ఇంట్లో పెద్ద పని పడింది. రాజేశ్వరి ఆ నెలాఖరుకు రిటైరవుతోంది. ఆదివారం నాడు తోటి టీచర్లందరినీ ఇంటికి భోజనానికి పిలిచింది, అరవై మంది. ముప్పైమూడేళ్ళు చాక్‌పీసు పట్టిన మనిషి, తన ఇంట్లో, తన చేతి మీదుగా అందరికీ వడ్డించాలని ముచ్చటపడింది. ఆ వారమే బోరు ఎండిపోయింది. బుధవారం నాడు నీళ్ళ టాంకరు బుక్ చేశాం, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు. గల్లీ ముందు పైపుల కోసం తవ్వి పెట్టారు కాబట్టి, డ్రైవరు మెయిన్ రోడ్డు మీద ఆగి ఫోన్ చేస్తాడు, మనం వెళ్ళి చుట్టుదారిలో తీసుకురావాలి.

“నా నంబర్ ఇస్త,” అంది రాజేశ్వరి.

“నీ ఫోను మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. నాది ఆరు రోజులు,” అని నా నంబరు ఇచ్చాను. ఇప్పుడు ఆ వాక్యం తలచుకుంటే వీపు మీద చెమట పడుతుంది.

అదే రోజు ఏడో యాప్ పోయింది. గురువారం ఉదయం జాబితా తెరిస్తే అన్నిటికంటే పైన ‘ఫోన్ సర్వీసెస్’ అని ఉంది. ఆశ్చర్యపోయాను. ఇది మొత్తం ఫోనే కదా, మళ్ళీ దాని లోపల ఫోన్ ఏమిటి? కచ్చితంగా డూప్లికేట్! ఉద్యోగంలో నేను రిజిస్టర్ల నుంచి కొట్టేసిన డూప్లికేట్లకు లెక్కలేదు. ‘ఫ్రీజ్ చేయమంటారా?’ అని ఫోను రెండుసార్లు అడిగింది, పాపం. రెండుసార్లూ చేయమన్నాను.

శుక్రవారం డైరీలో ఇలా ఉంది: “ఛార్జింగు రోజంతటికీ నాలుగు శాతం మాత్రమే దిగింది. రికార్డు. ఒక్క కాల్ కూడా రాలేదు. ప్రశాంతం.”

శనివారం మూడయింది. అరుగు మీద కుర్చీ వేసుకుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. నాలుగయింది. రాజేశ్వరి వచ్చింది.

“ఏమండీ, ఫోన్ రాలేదా?”

“రాలేదు. ఛార్జింగు మాత్రం ఎనభై ఒకటి.”

“నేను ఛార్జింగ్ అడిగిన్నా?”

నాలుగున్నరకు యాదగిరి గేటు తోసుకుని వచ్చాడు. “నా మీన కోపమొచ్చిందా అన్నా? రెండు దినాల సంది ఎన్నిసార్లు జేసిన నాట్ రీచబులే వస్తున్నది.”

“నాట్ రీచబులా? ఎనభై ఒక శాతం ఉంటే!” అన్నాను. డ్రైవరు నంబరు మా దగ్గర లేదు, అందుకని పరీక్షకు ఎదురుగా ఉన్న యాదగిరికే నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. “టవరు పాడైనట్టుంది,” అని తీర్పు చెప్పాను.

“ఔ, మీ కుర్సీ కాడికే పాడైంది,” అంది రాజేశ్వరి. “యాదగిరి అన్న ఫోన్ల నిండ సిగ్నల్ గీతలున్నయి. మీరేం జేసిన్రో నాకు తెల్వదు. ఆ డైరీ పట్టుకోని శైలజ తానికి పోండి. నీళ్ళ సంగతి నేను జూస్త.” చెప్పి, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. కోపం లేదు, కేక లేదు. నలభై మంది పిల్లలు ఒకేసారి తప్పు లెక్క చేసినా ఆమె ఇలాగే ఉండేదని అందరూ ఎందుకనేవారో అప్పుడర్థమైంది.

ఆటోలో నాచారం చేరాను. శైలజ ఫోను చూడలేదు, ముందు డైరీ అడిగింది. దుకాణంలో ఉన్న నలుగురి ముందూ పైకి చదవడం మొదలుపెట్టింది.

“ఒకటో దినం మెసేజ్‌లు... రొండో దినం మ్యాపు... ఆరో దినం అలారం... ఎనిమిదో దినం...” ఆగింది. కళ్ళు పెద్దవి చేసింది. “సార్, ఫోన్‌ల ఫోన్‌నే పండుకోవెట్టిన్రా?”

నలుగురూ గొల్లుమన్నారు. అందులో ఒకాయన బెంచీ మీద నుంచి జారాడు.

“జాబితాలో అదే మొదట ఉందమ్మా,” అన్నాను.

“ఎవరో ఒకరు మొదట ఉంటరు గద సార్! క్లాసుల ఫస్టొచ్చినోని పేరు దినాం కొట్టేసుకుంట పోతే, ఆఖరికి బడికి తాళమే.”

ఆమె నవ్వలేదు. డైరీని, తను విప్పుతున్న ఇంకో ఫోను స్క్రూల పక్కన జాగ్రత్తగా తెరిచిపెట్టింది. “కానీ సార్, రాసుడు మాత్రం మస్తు రాసిన్రు. ఏది ఎప్పుడు పండుకోవెట్టిన్రో తారీఖుతోని ఉన్నది. గిది లేకుంటె మొత్తం మల్ల ఎక్కియ్యాల్సొస్తుండె.” డైరీని కింది నుంచి పైకి చదువుతూ ఒక్కొక్కదాన్నీ లేపింది. వార్తలను మాత్రం పడుకోనిచ్చింది. “ఇవి లేకుంటె మీకేం కాదు,” అంది.

ఫోను ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. మెసేజీలు వడగళ్ళలా రాలాయి. వాటి మధ్యలోనే మోగింది. డ్రైవరు!

“హలో... హలో? అరె, కలిసింది! ఓ సార్, కలిసింది!”

“బాబూ, వెళ్ళిపోకు! ఎక్కడున్నావు? నేను అయిదు నిమిషాల్లో వస్తాను, నీ కాళ్ళు...”

“నీళ్ళు పోసుడు అయిపోయింది సార్. సంపు నిండింది.”

“ఎలా?”

“మీ ఫోన్ కలవక నేను సడక్ మీన అటిటు తిరుగుతున్న, మేడం గొడుగు వట్టుకోని నిలవడ్డది. వచ్చిన ప్రతి టాంకర్ని ఆపి, నీ కాయితం సూపెట్టు అన్నదట. నాకంటె ముంగట ఇద్దరిని ఆపిందంట, వాళ్ళు హాజరు ఇచ్చినట్టు సూపెట్టిన్రు. నా కాయితంల మీ పేరు సదివి, బండెక్కి పక్కన కూసోని, గల్లీ గల్లీ తిప్పి తీస్కపోయింది. చాయ్ గూడ ఇచ్చింది సార్.”

“మరి ఇప్పుడు ఫోన్ ఎందుకు చేశావు?”

“ఊకెనే సార్. మూడు గంటల సంది జేస్తనే ఉన్న. ఈ నంబర్ ఒక్కసారన్న కలుస్తదా లేదా, సూడాలనిపిచ్చింది.”

ఆదివారం అరవై మందీ తిన్నారు, తృప్తిగా చేతులు కడుక్కున్నారు. రాజేశ్వరి తానే వడ్డించింది. శైలజ కూడా వచ్చింది, మా ఆవిడ ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుంది. పెరుగన్నం దగ్గర హెడ్మాస్టరుగారు మర్యాదకు నన్ను పలకరించారు: “రిటైరయ్యాక మీరేం చేస్తున్నారు సార్?”

నేను గొంతు సవరించుకునేలోపే రాజేశ్వరి అందుకుంది. “ఆయన ఫోన్లకు రిటైర్మెంట్ ఇప్పిస్తున్నరు సార్!”

పందిరి కూలేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాననుకుంటాను.

కాబట్టి చదువరులారా, మీ సాక్షిగా ఎంతో గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక నా ఫోనులో ఎవరెంత తిన్నా అడగను. ఆకలేసినవాళ్ళు కడుపునిండా తిననీ. సాయంత్రానికి అది అలసిపోయి కళ్ళు మూస్తే, ప్లగ్గు పెట్టి, దాని పక్కనే నేనూ కాసేపు కునుకు తీస్తాను.