లైనత్త ఫోను పెట్టేయదు

లైనత్త ఏ ఫోనూ తను ముందుగా పెట్టేయదు. ఆవిడ గురించి ఈ ఒక్కటీ తెలిస్తే చాలు, మిగతాదంతా దీని వెనకే వస్తుంది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే తల నెరిసి, పెన్షనుతో బయటికొచ్చిన మనిషి. అవతలివాళ్లు పెట్టేశాకే తన చెయ్యి కదలాలన్నది ఆవిడ నియమం. ఉద్యోగం వదిలినా ఆ నియమం మాత్రం వదల్లేదు.

రాంగ్ నంబరు చేసిన పెద్దమనిషి ఒకాయన ఆవిడతో తన మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి అల్లుడి మొండితనం దాకా చెప్పుకుని, అసలు తను ఎవరికి ఫోను చేయబోయాడో మరిచిపోయాడు. బీమా తీసుకోమని మోగే రికార్డు గొంతు కూడా ఆవిడ దగ్గర నీరసపడి తనంతట తనే ఆగిపోయేది. "దయచేసి వేచి ఉండండి" అన్నాక వచ్చే సంగీతం ఆ ఇంటి వంటకు తోడు. ఫోను స్పీకర్లో పెట్టుకుని ఆవిడ ఆ రాగానికే ఉల్లిపాయలు తరిగేది. మామయ్య దీనికి ఎంతగా అలవాటు పడ్డాడంటే, కూరలో ఉప్పు తక్కువైతే వేళ్లతోనూ ఎక్కువైతే కనుబొమలతోనూ చెప్పడం నేర్చుకున్నాడు.

ఆ ఇంటి కింది గదిలో మేనకోడలి కుట్టు దుకాణం. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పే రకం ఆ అమ్మాయి. పేచీ అంటే భయం. పెద్దగొంతు వినబడితే చాలు, సూదిలో దారం ఎక్కదు. ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు కుట్టే పని మొదటిసారి ఆమె చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే బట్ట అంచులు పీచు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను మొరాయించింది. కొత్తది ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి, దాచుకున్నదంతా దానికే కట్టేసింది.

వస్తుందన్న తేదీకి మిషను రాలేదు. "దారిలో ఉంది" అని మెసేజీ వచ్చింది. ఆ దారి ఎంత పొడుగుదో గానీ మళ్లీ మళ్లీ అదే మెసేజీ. చివరికి ఒక మధ్యాహ్నం, ఆమె గుమ్మంలోనే కూర్చుని గుండీలు కుడుతుండగా, "మీ వస్తువు మీకు అందజేశాం" అని వచ్చింది. ఆమె లేచి తన వెనక్కి కూడా చూసుకుంది. వీధిలో ప్రతి ఇంటా అడిగి వచ్చింది. సైటువాళ్లకు ఫోను చేస్తే కొరియరు వాళ్లను అడగమన్నారు. కొరియరు వాళ్లు అమ్మినవాడిని అడగమన్నారు. అమ్మినవాడు అందజేసినట్టు సైట్లోనే ఉంది కదా, చూసుకోమన్నాడు. ఆమె ముగ్గురికీ థాంక్స్ చెప్పి, గదిలోకి పోయి, కుట్టుబల్ల మీద తల వాల్చి ఏడ్చింది.

లైనత్త సంగతంతా విని, ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ దగ్గర డబ్బు పుచ్చుకున్నదెవరు?"

"అమ్మినవాడు, అత్తయ్యా."

"కొరియరును పెట్టుకున్నదెవరు? నువ్వా?"

"నేనెందుకు పెట్టుకుంటాను?"

"మరి వాడు పెట్టుకున్నవాడు దారి తప్పితే నువ్వెందుకే వెతకడం? సరుకు నీ చేతికందేదాకా పూచీ వాడిది. ఊరికే ఏడిస్తే వాడికేం తెలుస్తుంది, రాసి పంపు."

రాయించింది. చెప్పిన తేదీ దాటింది, వస్తువు అందలేదు, ఇదిగో ఆఖరి గడువు, ఆలోగా రాకపోతే ఆర్డరు రద్దు, కట్టినదంతా వెనక్కివ్వాలి. మేనకోడలు మధ్యలో "మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి" అని చేర్చింది. లైనత్త కళ్లద్దాలు సవరించుకుని ఆ ముక్క కొట్టేయించింది.

గడువు వచ్చింది, పోయింది, మిషను రాలేదు. మర్నాడు పొద్దున్నే లైనత్త కుట్టుబల్ల మీద ఫోను పెట్టి, చార్జరు గుచ్చి, పక్కన మంచినీళ్ల సీసా పెట్టుకుని సైటు నంబరు కలిపింది. సంగీతం మొదలైంది. ఆవిడ నర్సుల గౌన్లకు గుండీలు కుట్టసాగింది. చాలాసేపటికి ఒక అమ్మాయి గొంతు పలికింది. వస్తువు అందజేసినట్టే ఉందనీ, గుమ్మంలో పెట్టిన ఫొటో కూడా ఉందనీ ఆ అమ్మాయి ఒక్క గుక్కలో చెప్పింది. లైనత్త ఆ ఫొటో పంపమంది.

ఫొటోలో ఆకుపచ్చ తలుపు, దాని ముందు పెట్టె, పెట్టె మీద కాలు వేసుకుని ఒక కుక్క.

"తల్లీ, మా తలుపు నీలం. కుక్క లేదు. ఇంట్లో మా ఆయనొక్కడే ఉన్నాడు, ఆయన అరవడు."

అవతల గొంతు ఒక్క క్షణం నవ్వు ఆపుకోలేకపోయింది. వెంటనే సర్దుకుని, ఇది తన చేతిలో లేదనీ పైవాళ్లకు కలుపుతాననీ చెప్పింది. మళ్లీ సంగీతం. పైవాడు దొరికాడు. విచారణకు టైము పడుతుందన్నాడు. కావలసినంత తీసుకోమంది, గౌన్లు ఇంకా చాలా ఉన్నాయంది. అతను డిస్కౌంటు కూపను ఇస్తానన్నాడు. కూపను అంచులు కుట్టదు బాబూ అంది. అమ్మినవాడితోనే తేల్చుకోమన్నాడు. మీ సైటు చూసి నమ్మి కొన్నాం కాబట్టి మీరే తేల్చాలంది. కాదంటే వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు ఇస్తామని, ఆకుపచ్చ తలుపు ఫొటోతో సహా పెడతామని చల్లగా చెప్పింది. అతను మధ్యలో అలసిపోయి ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు.

చివరికి అతను, ఇంతకీ కొన్నవారికి ఏం కావాలో వారినే చెప్పమన్నాడు.

లైనత్త ఫోను మేనకోడలి ముందుకు జరిపింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. లైనత్త సూది పక్కన పెట్టి ఆమె వైపే చూస్తూ కూర్చుంది, ఎంతసేపైనా సరే అన్నట్టు. మేనకోడలు గొంతు సవరించుకుంది.

"నాకిప్పుడు మీ మిషను వద్దండీ. చెప్పిన రోజుకి మీరు ఇవ్వలేదు. నేను కట్టింది మొత్తం వెనక్కి కావాలి, డెలివరీ చార్జీలతో సహా." ఫోను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "ఈరోజే," అంది. క్షమించమని అడగలేదు.

ఆ సాయంత్రానికల్లా డబ్బు ఆమె ఖాతాలో పడింది. అది చూసుకోగానే ఆమె పరుగున పోయి బజారులో మిషను కొని, రిక్షాలో ఎక్కించుకొచ్చింది. తిరిగొచ్చేసరికి లైనత్త ఇంకా ఫోనులోనే ఉంది. రద్దు ఖాయమైందని చెప్పడానికి పొద్దుటి అమ్మాయి తిరిగి ఫోను చేసిందట. ఆ మాట చెప్పడం ఎప్పుడో అయిపోయిందట.

మేనకోడలు గుసగుసగా, "అయిపోయిందిగా అత్తయ్యా, ఇంకా ఎందుకు?" అని అడిగింది.

లైనత్త ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఈ లైను తెగిన మరుక్షణం ఇంకొకడి తిట్లు మొదలు. మా రోజుల్లో కూడా అంతే. ఎవరైనా మంచివాళ్లు కాసేపు లైను పట్టుకునుంటే, ఆ కాస్తలోనే ఇన్ని మెతుకులు నోట్లో వేసుకునేవాళ్లం."

అవతల నుంచి మూత తీసిన చప్పుడు, నములుతున్న చప్పుడు సన్నగా వినబడ్డాయి. కాసేపటికి ఆ అమ్మాయి, రికార్డులో పడాలి కాబట్టి, నోట్లో ముద్దతోనే వల్లె వేసింది. "మీకు ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"కావాలమ్మా," అంది లైనత్త. "అదేమిటో గుర్తు రావడం లేదు. ఆలోచిస్తున్నాను. నువ్వు నిదానంగా ఉండు."