పలకని సున్నా

ఆస్పత్రి ఆఫీసులో టైప్‌రైటర్లు పోయి పదిహేనేళ్ళయినా ఆవిణ్ణి అందరూ టైపిస్టక్క అనే పిలుస్తారు. నలభై ఆరో ఏట పట్టుబట్టి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. నర్సులు రోగుల వివరాలు రాసుకోవడానికి ఆర్నెల్లు తంటాలుపడి కంప్యూటర్లో ఒక పేజీ తయారుచేసింది. దాన్ని వాళ్ళు నిజంగా వాడితే చాలు, ఆమెకు ఇంకే కోరికా లేదు.

ఆ రోజు పొద్దున్నే పెద్ద నర్సు వచ్చి దాని ముందు కూర్చుంది. రాసే గడిలో నాలుగు ముక్కలు కొట్టింది. ఎన్ని అక్షరాలో కింద చక్కగా పడింది. రాసింది నచ్చక అంతా చెరిపేసింది. అంతే, పేజీ కాస్తా మాయం!

"దీనికన్నా నా కాగితమే నయం టైపిస్టక్కా. చెరిపితే చిరుగుతుందేమో గానీ పారిపోదు. నాలుగింటికి మళ్ళీ వస్తా. అప్పుడూ ఇంతే అయితే మాకు పాత పద్ధతే," అని లేచి వెళ్ళిపోయింది.

టైపిస్టక్క ప్రాణం ఉసూరుమంది. అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాము ముక్క తను రాసింది కాదు, రాసే గడితోపాటు రెడీమేడ్‌గా వచ్చింది. ఐదుంటే ఐదంటుంది, ఒకటుంటే ఒకటంటుంది. ఖాళీ గడిని చూపిస్తే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ అంకె అందక పేజీ మొత్తం కుప్పకూలుతోంది. తప్పు తనదేననుకుని మధ్యాహ్నం దాకా తను రాసిందంతా జల్లెడపట్టింది. ఏమీ దొరకలేదు. విసిగిపోయి, దర్జీ కొట్లో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇంట్లో గుడ్లు ఎన్నున్నాయి?"

అవతల కుట్టుమిషన్ చప్పుడే తప్ప మాట లేదు.

"సరే, వచ్చేటప్పుడు తెస్తాలెండి," అని పెట్టేసింది.

పక్క సీటు గుమాస్తా నోరు తెరిచాడు. "ఆయనేమీ అనలేదు కదక్కా!"

"ఉంటే ఎన్నో చెప్తారయ్యా. మాట్లాడలేదంటే లేవని..."

అంటూనే నెత్తి కొట్టుకుంది. ఇరవై రెండేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషినే ఈ డబ్బాలో పోల్చుకోలేకపోయింది! ప్రోగ్రాములో ఒక్క వరుస రాసింది: జవాబు రాకపోతే సున్నా అనుకో.

నాలుగింటికి పెద్ద నర్సు రాసింది, చెరిపింది. సున్నా పడింది. నమ్మకం కుదరక మరో రెండుసార్లు చెరిపి చూసింది.

"రేపట్నుంచి మా వార్డులో ఇదే," అంది.

టైపిస్టక్కకు ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

గుడ్లు పట్టుకుని ఇల్లు చేరి, భర్తకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన గుండీ కుడుతూ విన్నాడు. ఆమెకు చిలిపితనం పుట్టింది.

"అది సరే గానీ, ఇన్నేళ్ళలో నన్ను ఎన్నిసార్లు మెచ్చుకున్నారేమిటి?"

ఆయన మాట్లాడలేదు.

"అర్థమైందిలెండి. సున్నా!"

"తొందరపడకు, లెక్కపెడుతున్నా," అన్నాడాయన దారం కొరికి. "కొట్లో అందరి ముందూ మెచ్చుకున్నవి కూడా కలపాలా?"