ఎలక విప్పిన నట్లు

మా అక్క మొగుడికి, అంటే మా బావకి, ఈ లోకంలో ఎలక ఒక్కటే శత్రువు. ఏ బండి చెడిపోయి ఆయన షెడ్డుకొచ్చినా బానెట్ ఎత్తి, లోపలికి ఓసారి తొంగిచూసి, "ఎలక పని" అంటాడు. వైరు తెగితే ఎలక. అంతవరకూ సబబే. హారన్ మోగకపోయినా ఎలకే, అద్దం పగిలినా ఎలకే. ఒకసారి గేరు లివరు ఊడి చేతికొచ్చిన కారుని చూసి కూడా అదే మాట అన్నాడు.

"బావా, అది ఇనుము" అన్నాను.

"ఆకలి రుచెరగదు బామ్మర్దీ" అన్నాడు.

నా ప్రింటింగ్ ప్రెస్ ఆ షెడ్డు పక్కదే కాబట్టి సాయంత్రాలు అక్కడే కూర్చుంటాను. ఆ ఎలకని ఒక్కసారైనా చూడాలని ఎప్పట్నుంచో నా కుతూహలం. తోక కూడా కనబడలేదు. షెడ్డులో బోను లేదు, మందు లేదు. "ఒక పిల్లిని తెచ్చిపెట్టుకోవచ్చుగా?" అని మా అక్క అడిగితే, "ఎలక పోతే నేనేం తిని బతకాలి?" అన్నాడు.

ఆ మధ్య రిటైరైన లెక్కల మాస్టారి భార్య, తమ పెట్రోలు కారులో బంకువాళ్ళు డీజిలు పోశారని వాళ్ళ మీద యుద్ధానికి బయల్దేరింది. బావ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఎలక ట్యాంకు గొట్టం కొరకడం వల్ల లోపల చెత్త చేరి వాసన మారిందని నచ్చజెప్పాడు. ఆవిడ నమ్మేసింది. లెక్క తప్పితే దేవుణ్ణయినా నిలదీసే మాస్టారు ఆ రోజు ఎందుకో నోరు మెదపలేదు.

ఆ మాస్టారే మొన్న అదే కారులో మళ్ళీ వచ్చారు. వెనకే స్కూటరు మీద అల్లుడు. కారు ఆగి ఉన్నా శివాలెత్తుతోంది. ఇంజను ఒక్కసారి గుర్రుమని లేచి, మరుక్షణం ప్రాణం పోయినట్టు పడిపోతోంది.

"ఎవడో నా బండిని కెలికాడు. రేపే పొగ పరీక్ష. వాడెవడో తెలియాలి. తెలిసిన రోజున వాడు నా గడప తొక్కడు" అన్నారు మాస్టారు.

అల్లుడు స్కూటరు దిగి, దాని డిక్కీకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ కుర్రాణ్ణి మాస్టారి అమ్మాయి తనంతట తానే ఎంచుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ మామగారు అతనితో పలకలేదు. కిందటి వారమే మొదటిసారి కారు తాళాలు చేతికిచ్చి, "పాలు పట్రా" అన్నారట. వీధంతా ఆ మాటే చెప్పుకుంది.

బావ బానెట్ ఎత్తాడు. నేనూ తొంగిచూశాను. గాలి వడకట్టే నల్లటి డబ్బా ఉండాల్సిన చోట, ఎర్రగా నిగనిగలాడుతూ గరాటులాంటి కొత్త ఫిల్టరు ఉంది. బావ గబుక్కున బానెట్ దించేశాడు.

"ఎలకే మాస్టారూ. మీరు ఎదురుగా టీ తాగి రండి. ఈ పొగ మీ బీపీకి పడదు."

ఆయన వెళ్ళగానే బావ మళ్ళీ బానెట్ ఎత్తి, పెట్రోలు గొట్టాల్లో ఎక్కడా తడి లేదని వేలితో తడిమి చూసి, దోమల కాయిల్ వెలిగించాడు. దాన్ని ఇంజను పక్కన మెల్లగా జరుపుకుంటూ పోయాడు. నిటారుగా లేస్తున్న పొగ ఒక సన్నటి రబ్బరు పైపు దగ్గరికి రాగానే వంగి, దాని నోట్లోకి దూరిపోయింది. బావ ఆ కొసని బొటనవేలితో మూశాడు. ఇంజను వణుకు ఆగిపోయింది. వేలు తీస్తే మళ్ళీ మొదలు. నాకు ముచ్చటేసి నేను కూడా మూసి చూశాను.

"దొంగగాలి" అన్నాడు బావ. "లోపలికొచ్చే గాలిని కొలిచి బండి పెట్రోలు పోసుకుంటుంది. ఇది కొలతకి చిక్కకుండా పక్కదారిన దూరుతోంది."

తర్వాత అల్లుడి వైపు చూడకుండా ఇంజనుతోనే మాట్లాడాడు. "ఈ ఎలక ఖరీదైన ఫిల్టరు పెట్టింది. పొగ తిరిగి ఇంజన్లోకెళ్ళే దారికి రేకు అడ్డం కొట్టింది. నట్లు కుదురుగానే బిగించింది. ఆ దారి తలుపుని గాలి లాగి తెరిచే ఈ సన్న పైపు కొస మూయడం మాత్రం మర్చిపోయింది. పాత సామాను పారేసిందో దాచిందో తెలిస్తే బాగుండును."

అల్లుడు టీ కొట్టు వైపు ఓసారి చూసి, ఇంజను దగ్గరికి జరిగాడు.

"దాచిందండీ" అన్నాడు అల్లుడు. "నా స్కూటరు డిక్కీలో ఉంది. బండి ఎత్తు ఎక్కట్లేదని మావయ్యగారు దిగులుపడుతుంటే, కాస్త హుషారు తెప్పిద్దామనుకున్నాను. ఇప్పుడిప్పుడే నాతో మాట్లాడుతున్నారు. తెలిసిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"ఎలకలకి అత్తారిల్లు ఉంటుందని నాకు తెలీదే. ఆ స్పానరు ఇటియ్యి" అన్నాడు బావ.

ఇద్దరూ కలిసి రేకు పీకేశారు, పైపు కలిపారు, నల్ల డబ్బాని దాని చోట కూర్చోబెట్టారు. ఇంజను ఎంత సద్దుమణిగిందంటే, నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది.

మాస్టారు టీ తాగి వచ్చారు. ఇంజను విన్నారు. అల్లుణ్ణి చూశారు. అతని చేతులు మోచేతుల దాకా గ్రీజే. అంతా సర్దిన బావ, ఆ చేతులు కడిగించడం మర్చిపోయాడు.

"ఎలకేనా?" అన్నారు మాస్టారు.

"ఎలకేనండి. కుర్రది. మీ బండి ఎత్తు ఎక్కాలని ఆశపడింది, పాపం."

మాస్టారు చాలాసేపు ఆ చేతులకేసే చూశారు. "పోయినసారి డీజిలు పోయించిన ఎలక ఇదేనా?" అన్నారు చివరికి.

"అబ్బే, అది పెద్దమనిషండి. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి బంకుకి వెళ్ళింది. దాని పేరు నేను ఎవరికీ చెప్పలేదు."

మాస్టారి మీసం అదిరింది. తాళాలు అల్లుడి నల్లటి చేతిలో పెట్టారు. "నువ్వే నడుపు. స్కూటరు రేపు తీసుకెళ్దువుగాని. ఎత్తు మీదుగా పోదాం. మీ అత్తయ్య దగ్గర మాత్రం ఎలకల ప్రసక్తి తేకు."

కారు మలుపు తిరిగాక నాకు ఒక్క సందేహం మిగిలిపోయింది. "బావా, మరి గేరు లివరు ఊడదీసిన ఎలక?"

బావ షెడ్డు వెనకున్న తన ఇంటి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"డ్రైవింగ్ నేర్చుకుంటానని ముచ్చటపడింది. మీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే. మెల్లగా మాట్లాడు."